చేతి గడియారాన్ని చదవడం ఎలా: కొత్తవారి కోసం రకాలు, కొలతలు, గుర్తులు వరుసగా

వాచీ కొనేటప్పుడు చాలామంది కన్ను మొదట డయల్ రంగు మీద పడుతుంది, తర్వాత బ్రాండు పేరు మీద. కొని నెల తిరిగేసరికి బాధ పెట్టేవి మాత్రం వేరు. వారానికి మూడు నిమిషాలు ముందుకు పరిగెత్తడం, చొక్కా కఫ్ కింద ఇమడకపోవడం, స్నానం తర్వాత అద్దం లోపల ఆవిరి పట్టడం లాంటివి. వీటిలో దాదాపు అన్నీ డయల్ మీది, వెనక మూత మీది రాతల్ని, వాచీ కొలతల్ని చూస్తే ముందే తెలుస్తాయి. చదవడం తెలియాలి, అంతే.

కింద చెప్పిన క్రమం మార్చకండి. లోపలి యంత్రం, కొలతలు, నీటి రేటింగ్, అద్దం, అదనపు పనులు తేలాకే అందం సంగతి.

## 1. ముందు మీ చేతిని కొలవండి

కావలసినవి: మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు, దర్జీ టేపు, కాస్త గట్టి అట్టముక్క, కత్తెర.

- మణికట్టు ఎముకకు మోచేతి వైపున, వాచీ కూర్చునే చోట, టేపును బిగించకుండా చుట్టి చుట్టుకొలత రాసుకోండి.
- అరచేయి కిందికి పెట్టి, మణికట్టు పైభాగాన చదునుగా ఉన్న వెడల్పును స్కేలుతో కొలవండి. చుట్టుకొలత కంటే ఈ అంకె ముఖ్యం.
- కాగితం మీద నాలుగు జవాబులు రాయండి: రోజూ పెట్టుకుంటారా, అప్పుడప్పుడా? నీళ్లలో దిగుతారా? చీకట్లో టైము చూడాలా? వారానికోసారి టైము సరిచేసుకోవడానికి ఓపిక ఉందా?
- లోహం తగిలితే చర్మం దురద పెడుతుందా? పెడితే అదీ రాయండి. చాలాసార్లు కారణం నికెల్. అలాంటివారికి టైటానియం మేలు.

## 2. లోపల ఏ యంత్రం ఉందో తేల్చండి

వాచీ స్వభావమంతా ఇక్కడే నిర్ణయమవుతుంది. సెకన్ల ముల్లును పది సెకన్లు గమనించండి. సెకనుకు ఒక్కసారి టక్కున దూకితే దాదాపు ఖాయంగా క్వార్ట్జ్. సెకనుకు ఆరేడెనిమిది చిన్న అడుగులతో జారుతున్నట్టు కదిలితే మెకానికల్. మినహాయింపులున్నాయి. బులోవా కంపెనీ ప్రెసిషనిస్ట్ వాచీ క్వార్ట్జే అయినా ముల్లు సాఫీగా నడుస్తుంది. అందుకే వెనక మూత మీద, డయల్ మీద ఉన్న మాటలతో సరిచూసుకోవాలి.

క్వార్ట్జ్. బ్యాటరీ కరెంటుతో చిన్న క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. సర్క్యూట్ ఆ సంఖ్యను వరుసగా పదిహేనుసార్లు సగం చేస్తే సెకనుకు ఒక్క పల్స్ మిగులుతుంది. ముల్లును కదిలించేది అదే. మామూలు క్వార్ట్జ్‌కు నెలకు 15 నుంచి 20 సెకన్ల తేడా సహజం. బ్యాటరీ సాధారణంగా రెండు, మూడేళ్లు వస్తుంది.

సోలార్. ఇదీ క్వార్ట్జే. డయల్ కింద ఉన్న సెల్ వెలుతురుతో చార్జ్ అవుతుంది. సిటిజన్‌లో ఎకో-డ్రైవ్, కాసియోలో టఫ్ సోలార్ అని రాసి ఉంటుంది. పూర్తి చార్జ్‌తో మోడల్‌ను బట్టి చీకట్లోనూ నెలల తరబడి నడుస్తుంది. దీన్ని ముఖ్యంగా పాడుచేసే అలవాటు: సొరుగులో ఏళ్లపాటు పడేసి ఉంచడం. నెలకోసారైనా కిటికీ దగ్గర పగటి వెలుతురులో పెట్టండి. ఎండలో నిలిపిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం వద్దు, ఆ వేడికి లోపలి సెల్ దెబ్బతింటుంది.

చేతితో కీ ఇచ్చేది. బ్యాటరీ ఉండదు. చుట్టిన స్ప్రింగు మెల్లగా విప్పుకుంటూ చక్రాలను తిప్పుతుంది. బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ ఆ వేగాన్ని అదుపు చేస్తుంది. రోజూ ఒకే సమయానికి కీ ఇవ్వండి. పక్కనుండే బొడిపె (కీ ఇవ్వడానికి, టైము పెట్టడానికి తిప్పే చిన్న గుండీ) గట్టిగా అడ్డు తగిలిన చోట ఆగిపోండి. ఇంకో అర తిప్పు తిప్పాలనే పట్టుదలే స్ప్రింగు తెగడానికి దారి తీస్తుంది.

ఆటోమేటిక్. ఇదీ మెకానికలే. చేయి కదిలినప్పుడల్లా లోపలి రోటర్ అనే బరువు తిరిగి స్ప్రింగును చుడుతుంది. తీసి పక్కన పెడితే చాలావరకు 40 గంటల దాకా నడుస్తుంది, కొన్ని 80 గంటలు కూడా. శుక్రవారం సాయంత్రం తీసిపెట్టి సోమవారం ఉదయం చూస్తే ఆగి ఉండటం జబ్బు కాదు. ఆగిన వాచీని ఊపి లేపడం కన్నా బొడిపెతో 20 నుంచి 30 తిప్పులు తిప్పి పెట్టుకోవడం మంచిది. ఆటోమేటిక్‌లో స్ప్రింగు నిండాక జారే ఏర్పాటు ఉంటుంది కాబట్టి అడ్డు తగలదు. చేతితో కీ ఇచ్చే వీలు లేని పాత రకాలూ ఉన్నాయి. వాటిని మాత్రం ఊపాల్సిందే.

మెకానికల్ వాచీ తేడాను నెలల్లో కాదు, రోజుల్లో లెక్కించాలి. బాగా వాడుకలో ఉన్న సీకో ఎన్‌హెచ్35 యంత్రానికి తయారీదారు ఇచ్చిన పరిధి రోజుకు −20 నుంచి +40 సెకన్లు. స్విట్జర్లాండ్‌లో కాస్క్ అనే సంస్థ కచ్చితత్వ పరీక్ష నెగ్గిన క్రోనోమీటర్ యంత్రాలకు సగటున రోజుకు −4 నుంచి +6. అంటే ఎంతో ఖరీదైన మెకానికల్ కన్నా మామూలు క్వార్ట్జ్ కచ్చితంగా నడుస్తుంది. దీన్ని మనసుకు ముందే చెప్పుకోండి, తర్వాత నిరాశ ఉండదు.

డిజిటల్, స్మార్ట్. డిజిటల్‌లో ఉండేదీ క్వార్ట్జే, ముళ్లకు బదులు అంకెలు. స్మార్ట్‌వాచ్ మణికట్టు మీది చిన్న కంప్యూటర్. చార్జింగ్ ఒక రోజా, పది రోజులా, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు ఎన్నేళ్లు ఇస్తారు అన్న రెండు ప్రశ్నలు అడగండి. మిగతా లెక్కలు దానికి వర్తించవు.

రేడియో, బ్లూటూత్. కొన్ని క్వార్ట్జ్ వాచీలు రాత్రిపూట రేడియో సంకేతం అందుకుని టైము దిద్దుకుంటాయి. ఆ సంకేతాలు జపాన్, చైనా, అమెరికా, జర్మనీ, బ్రిటన్ కేంద్రాల నుంచి వస్తాయి. వాటి పరిధికి బయట ఉండేవారికి ఆ సౌకర్యం అక్కరకు రాదు. అలాంటివారు బ్లూటూత్ లేదా జీపీఎస్‌తో సరిచేసుకునే రకం చూడాలి.

ఒకే వాచీ కావాలి, దాని గురించి ఆలోచించకూడదు అనుకుంటే సోలార్ క్వార్ట్జ్‌కు మించింది లేదు. లోపల చక్రాలు తిరుగుతున్నాయన్న సంగతే మీకు సంతోషం ఇస్తే ఆటోమేటిక్ తీసుకోండి. ఆ సంతోషం సరైన కారణమే, దానికి ఇంకో సాకు వెతకక్కర్లేదు.

డయల్ మీద తికమకపెట్టే రెండు మాటలు:

- 21 జువెల్స్: అరుగుదల తగ్గించడానికి ఇరుసుల దగ్గర పెట్టే కృత్రిమ కెంపులు. ఆభరణ విలువ ఉండదు. కీ ఇచ్చే మామూలు యంత్రానికి 17 సరిపోతాయి. సంఖ్య పెరిగితే వాచీ గొప్పదైపోదు.
- జపాన్ మూవ్‌మెంట్, స్విస్ మూవ్‌మెంట్: లోపలి యంత్రం మాత్రమే అక్కడిది. స్విస్ మేడ్ అంటే వేరు. యంత్రం స్విస్‌దై ఉండాలి, కేసులో (వాచీ బయటి డబ్బాలో) బిగించడం, తుది తనిఖీ అక్కడే జరగాలి, తయారీ ఖర్చులో కనీసం 60 శాతం అక్కడిదై ఉండాలి.

## 3. కొలతలు: వ్యాసం ఒక్కటే చూస్తే మోసపోతారు

ప్రకటనలో 42 మి.మీ. అని కనిపించేది కేసు వ్యాసం. చేతి మీద ఇమిడేదీ లేనిదీ తేల్చేది అది కాదు. బెల్టును పట్టుకునే కొమ్ములను లగ్గులు అంటారు. పై లగ్గు కొన నుంచి కింది లగ్గు కొన వరకు ఉన్న పొడవే అసలు కొలత. అది మీ మణికట్టు చదును వెడల్పును దాటకూడదు. దాటితే లగ్గులు గాలిలోకి పొడుచుకొస్తాయి, వాచీ అటూ ఇటూ ఒరుగుతుంది.

అట్టముక్కను ఆ పొడవుకు కత్తిరించి మణికట్టు మీద పెట్టి చూడండి. చూసేది దగ్గరి నుంచి కాదు, నిలువుటద్దంలో. ముఖానికి దగ్గరగా పెట్టుకుంటే ఏ వాచీ అయినా ఉన్నదానికన్నా పెద్దగా అనిపిస్తుంది.

- మందం: 10 మి.మీ. లోపు ఉంటే కఫ్ కింద సులువుగా దూరుతుంది. 13 దాటితే తట్టుకుంటూ ఉంటుంది.
- లగ్గుల మధ్య వెడల్పు: 18, 20, 22 మి.మీ. ఉంటే మార్చుకోవడానికి బెల్టులు తేలిగ్గా దొరుకుతాయి. 19, 21 వాటికి వెతకాలి.
- బరువు: ఒకే సైజులో టైటానియం స్టీలు కన్నా 40 శాతం పైగా తేలిక.

## 4. నీటి రేటింగ్: ఇక్కడే ఎక్కువ వాచీలు చస్తాయి

30 మీటర్లు అని రాసి ఉంటే 30 మీటర్ల లోతుకు దిగొచ్చని అర్థం కాదు. కొత్త వాచీని కదలకుండా ఉంచి 3 బార్ల ఒత్తిడి పెడితే తట్టుకుందని అర్థం. 1 ఏటీఎం, 1 బార్, 10 మీటర్లు అన్న మూడూ దాదాపు ఒకే ఒత్తిడి లెక్కకు మూడు పేర్లు.

- రేటింగ్ ఏదీ లేకపోతే: చేతులు కడిగేటప్పుడూ తీసేయండి.
- 3 బార్: వాన చినుకులు, చేతులు కడగడం.
- 5 బార్: నీళ్లు పడ్డా భయం లేదు, కాసేపు తేలిగ్గా ఈదినా ఫర్వాలేదు.
- 10 బార్: ఈత, నీటి ఉపరితలం దగ్గర ఆటలు.
- 20 బార్, పైగా ఐఎస్ఓ 6425 (డైవింగ్ వాచీల ప్రమాణం) లేదా డైవర్స్ అన్న మాట: డైవింగ్.

నీళ్లలో చేయి విసిరితే ఒత్తిడి అనేక రెట్లు పెరుగుతుందన్న మాట తరచూ వినిపిస్తుంది. లెక్క వేసి చూడండి: సెకనుకు 5 మీటర్ల వేగంతో చేయి కదిలినా అదనంగా పడేది సుమారు 0.12 బార్. అంటే ఒకటింపావు మీటరు లోతు అంత. వాచీలోకి నీరు చేరడానికి అసలు కారణాలు వేరు.

మొదటిది, నీరు చొరకుండా అడ్డుపడే రబ్బరు వలయాలు, అంటే గాస్కెట్లు, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడి పగులుతాయి. రెండోది, బొడిపె పూర్తిగా లోపలికి నొక్కకపోవడం, మరలున్న బొడిపెను బిగించకపోవడం. మూడోది, వేడి. వేడినీళ్ల స్నానంలో, ఆవిరి గదిలో గాస్కెట్ వ్యాకోచిస్తుంది, సబ్బు దాన్ని తినేస్తుంది, వెంటనే చల్లబడితే లోపలి గాలి సంకోచించి బయటి తేమను పీల్చుకుంటుంది. అందుకే 10 బార్ వాచీ అయినా వేడినీళ్ల స్నానానికి తీసేయండి.

నీళ్లలో దిగే వాచీకి రెండు, మూడేళ్లకోసారి, బ్యాటరీ మార్చిన ప్రతిసారీ ఒత్తిడి పరీక్ష చేయించాలి. ఉప్పునీళ్లలో వాడితే అదే రోజు మంచినీళ్లతో కడగండి. నీళ్లలో ఉండగా బొడిపె లాగకండి. తయారీదారు ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప పక్క బటన్లు నొక్కకండి.

## 5. అద్దం, కేసు

అద్దాలు మూడు రకాలు. యాక్రిలిక్ ప్లాస్టిక్ తేలిగ్గా గీతలు పడుతుంది, కానీ దెబ్బకు ముక్కలై చెదరదు, పాలిష్ పేస్టుతో రుద్దితే గీతలు పోతాయి. మినరల్ గ్లాసు మధ్యరకం, గీత పడితే అద్దం మార్చడమే మార్గం. సఫైర్ గట్టిదనం మోస్ కొలమానంలో 9, వజ్రం 10. మామూలు వాడకంలో గీత పడదు. గట్టి అంచుకు బలంగా తగిలితే మాత్రం అంచు పెళుసుగా లేచిపోవచ్చు. రోజూ పెట్టుకునే వాచీకి డబ్బు ఎక్కడో ఒకచోట ఎక్కువ పెట్టాలంటే సఫైర్ దగ్గరే పెట్టండి.

కేసుకు 316ఎల్ స్టీలు (తుప్పు పట్టని స్టెయిన్‌లెస్ రకం) అన్న మాట చాలు. నలుపు, బంగారు పూతలు అంచుల్లో ముందు అరుగుతాయి. మామూలు పీవీడీ పూత కన్నా డీఎల్‌సీ (వజ్రం లాంటి కార్బన్) పూత గట్టిది.

## 6. అదనపు పనులు: ఏది నిజంగా వాడతారు?

తేదీ. అందరూ వాడతారు. 31 రోజులు లేని నెల చివర చేతితో మార్చాలి. యాన్యువల్ క్యాలెండర్ అన్న ఏర్పాటు ఉంటే మార్చి 1న మాత్రమే దిద్దాలి. పర్పెచువల్ క్యాలెండర్ లీపు సంవత్సరాన్నీ చూసుకుంటుంది.

క్రోనోగ్రాఫ్. స్టాప్‌వాచ్. కొత్తవారిని ఎక్కువగా భయపెట్టేది ఇదే: మధ్యలో ఉన్న పొడవాటి ముల్లు కదలదు, వాచీ పాడైందనుకుంటారు. అది స్టాప్‌వాచ్ ముల్లు, పై బటన్ నొక్కితేనే కదులుతుంది. నడిచే సెకన్లు చిన్న వలయంలో కనిపిస్తాయి. పై బటన్ మొదలు, ఆపు. కింది బటన్ సున్నాకు తెస్తుంది. చాలా మెకానికల్ క్రోనోగ్రాఫ్‌లలో నడుస్తుండగా కింది బటన్ నొక్కకూడదు.

టాకీమీటర్. డయల్ అంచున ఉండే అంకెలు. రోడ్డు పక్క కిలోమీటరు రాయి దాటగానే స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, తర్వాతి రాయి దగ్గర ఆపండి. ముల్లు చూపే అంకె గంటకు కిలోమీటర్ల వేగం. 45 సెకన్లు పడితే 3600 భాగించు 45, అంటే 80. ఒక నిమిషం దాటితే ఈ లెక్క పనిచేయదు.

తిరిగే బెజెల్. అద్దం చుట్టూ ఉండే వలయం. దాని మీది త్రికోణం గుర్తును నిమిషాల ముల్లుకు ఎదురుగా తిప్పండి. ఎన్ని నిమిషాలు గడిచాయో ముల్లు చూపిస్తుంది. డైవర్ వాచీల్లో ఇది ఒకవైపే తిరుగుతుంది. పొరపాటున తగిలి కదిలినా గడిచిన సమయం ఎక్కువగా కనిపించాలే తప్ప తక్కువగా కనిపించకూడదు. నీటి అడుగున ఉన్నవాడి ప్రాణానికి అదే రక్ష. అన్నం ఉడికే సమయం చూడటానికీ ఇది పనికొస్తుంది, క్రోనోగ్రాఫ్ కన్నా ఎక్కువగానే.

జీఎంటీ. 24 గంటల్లో ఒక చుట్టు తిరిగే అదనపు ముల్లు, రెండో దేశపు టైము కోసం. కొన్నింటిలో ఆ నాలుగో ముల్లును విడిగా కదపొచ్చు, ఇంట్లో కూర్చుని దూరదేశం వారితో మాట్లాడేవారికి అది చాలు. కొన్నింటిలో గంటల ముల్లే విడిగా కదులుతుంది, ప్రయాణాలు చేసేవారికి ఇదే కావాలి. కొనేముందు బొడిపె లాగి ఏది కదులుతుందో చూడండి.

చీకట్లో వెలుగు. సూపర్-లూమినోవా లాంటి పూతలు వెలుతురు పీల్చుకుని కొన్ని గంటలు మెరిసి మెల్లగా మసకబారుతాయి. ట్రిటియం అనే రేడియోధార్మిక వాయువు నింపిన గొట్టాలకు వెలుతురు అక్కర్లేదు, రాత్రంతా ఒకేలా వెలుగుతాయి. కానీ ట్రిటియం అర్ధాయువు సుమారు 12.3 ఏళ్లు, అప్పటికి కాంతి సగమవుతుంది.

## 7. బెల్టు, చైను

తోలు బెల్టు నీళ్లకు, చెమటకు కుళ్లుతుంది. ఉక్కపోత ఎక్కువుంటే రబ్బరు, నైలాన్, లేదా స్టీలు చైను తీసుకోండి. బెల్టుకూ మణికట్టుకూ మధ్య చిటికెన వేలు దూరేంత సందు ఉండాలి.

చైను తగ్గించేటప్పుడు లింకుల లోపలి వైపు బాణం గుర్తులుంటాయి. పిన్నును బాణం దిశలోనే బయటికి నెట్టాలి, తిరిగి పెట్టేటప్పుడు ఎదురు దిశలో. లింకులు రెండువైపులా సమానంగా తీయండి, లేకపోతే బకిల్ పక్కకు జరుగుతుంది. తీసిన లింకులు పారేయకండి.

## 8. మొదటిసారి టైము, తేదీ పెట్టే క్రమం

1. వాచీని చేతి నుంచి తీయండి. చేతికి ఉండగానే బొడిపె లాగితే లోపలి కడ్డీ వంగొచ్చు.
2. బొడిపెకు మరలుంటే ముందు విప్పండి. మెకానికల్ అయితే 20 తిప్పులు కీ ఇవ్వండి.
3. బొడిపెను చివరి మెట్టు దాకా లాగి ముళ్లను 6:30 దగ్గరికి తెండి.
4. మధ్య మెట్టుకు నెట్టి, నిన్నటి తేదీ పెట్టండి.
5. మళ్లీ చివరి మెట్టుకు లాగి, తేదీ ఇవాళ్టికి మారేదాకా ముందుకు తిప్పండి. ఇప్పుడు వాచీ లెక్కలో అర్ధరాత్రి దాటింది.
6. అలాగే ముందుకు తిప్పి ప్రస్తుత సమయానికి తెండి. మధ్యాహ్నం దాటి ఉంటే 12ను ఇంకోసారి దాటించాలి.
7. బొడిపెను నొక్కి, మరలుంటే బిగించండి.

రాత్రి 9 నుంచి తెల్లవారుజాము 3 మధ్య తేదీని నేరుగా మార్చకండి. ఆ వేళ తేదీ మార్చే పళ్లు చక్రాన్ని పట్టుకుని ఉంటాయి, బలవంతం చేస్తే విరుగుతాయి. పైన ముళ్లను 6:30కి తెమ్మన్నది ఇందుకే.

## 9. తరచూ వచ్చే ఇబ్బందులు, మందు

తేదీ మిట్టమధ్యాహ్నం మారుతోంది. ఉదయం, రాత్రి తారుమారయ్యాయి. ముళ్లను 12 గంటలు ముందుకు తిప్పండి.

సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు దూకుతోంది. చాలా క్వార్ట్జ్ వాచీల్లో బ్యాటరీ అయిపోతోందని హెచ్చరిక. వెంటనే మార్పించండి. ఆగిపోయిన బ్యాటరీని లోపలే వదిలేస్తే కారి సర్క్యూట్‌ను తింటుంది. కొత్త బ్యాటరీ రకం దాని మీది కోడ్‌లో తెలుస్తుంది. ఉదాహరణకు ఎస్ఆర్626ఎస్‌డబ్ల్యూ అన్న కోడ్‌లో ఎస్ఆర్ సిల్వర్ ఆక్సైడ్, 6 అంటే సుమారు 6.8 మి.మీ. వ్యాసం, 26 అంటే 2.6 మి.మీ. ఎత్తు. అదే సైజులో ఎల్ఆర్ తో మొదలయ్యేది ఆల్కలైన్. అది కారే అవకాశం ఎక్కువ, వాచీలో వేయనివ్వకండి.

మెకానికల్ వాచీ ఉన్నట్టుండి రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పోతోంది. చాలాసార్లు అయస్కాంతం పట్టడమే. స్పీకర్లు, ట్యాబ్లెట్ కవర్లు, బ్యాగుల అయస్కాంత బటన్లు కారణం. దిక్సూచి దగ్గరికి తెస్తే ముల్లు చెదురుతుంది. డీమాగ్నటైజర్ (అయస్కాంతత్వాన్ని తీసేసే చిన్న పరికరం) మీద పెట్టి, బటన్ నొక్కి ఉంచి, వాచీని మెల్లగా ఒక అడుగు దూరం జరిపాక బటన్ వదలండి. నిమిషం పని, మూత తీయక్కర్లేదు.

మెకానికల్ వాచీకి రోజుకు కొద్ది సెకన్లు తేడా. ముందు కొలవండి. ఫోను టైముతో సరిపెట్టి, ఏడు రోజుల తర్వాత తేడాను ఏడుతో భాగించండి. రాత్రి పూట వాచీని పెట్టే తీరు మారిస్తే వేగం కాస్త మారుతుంది: డయల్ పైకి, బొడిపె పైకి, బొడిపె కిందికి ఒక్కోటి మూడు రాత్రులు ప్రయత్నించి, పగటి తేడాను సరిదిద్దేది ఎంచుకోండి.

స్టాప్‌వాచ్ ముల్లు 12 దగ్గర ఆగడం లేదు. క్వార్ట్జ్ క్రోనోగ్రాఫ్‌లో బ్యాటరీ మార్చాక మామూలే. చాలావాటిలో బొడిపె లాగి పక్క బటన్‌తో ముల్లును అడుగడుగునా 12కు తేవచ్చు. మెకానికల్ అయితే మెకానిక్ దగ్గరికే.

అద్దం లోపల ఆవిరి. ఎండలో పెట్టకండి, బియ్యం డబ్బాలోనూ వద్దు. లోపలికి తేమ చేరిందంటే గాస్కెట్ పోయి ఉండొచ్చు, లేదా బొడిపె సరిగా మూసి ఉండకపోవచ్చు. తుప్పు పట్టడానికి రోజులు చాలు. అదే రోజు మూత తీయించండి.

## 10. వాచీ చేతిలో ఉండగా చూడాల్సినవి

- సెకన్ల ముల్లు డయల్ గుర్తుల మీద పడుతోందా? చవక క్వార్ట్జ్‌లలో పక్కకు పడుతుంది, తర్వాత సరిచేయడం కష్టం.
- బొడిపె లాగితే సెకన్ల ముల్లు ఆగుతోందా? ఆగకపోతే సెకను దాకా టైము సరిపెట్టలేరు.
- తేదీ కిటికీ మధ్యలో అంకె నిండుగా కనిపిస్తోందా?
- బెజెల్ గుర్తు 12కు ఎదురుగా కుదురుతోందా?
- వెనక మూత మీద మోడల్ నంబరు, నీటి రేటింగ్ ఉన్నాయా? మోడల్ నంబరు వారంటీ కార్డు మీది దానితో సరిపోతోందా?
- లగ్గుల పొడవు మీరు కత్తిరించిన అట్టను దాటుతోందా?
- సెకండ్ హ్యాండ్ అయితే చివరి సర్వీసు ఎప్పుడు? మెకానికల్‌కు సుమారు ఐదేళ్లకోసారి నూనె మార్చాలి. సర్వీసు జరిగిందన్న రుజువు లేకపోతే ఆ ఖర్చును ధరలో కలుపుకుని చూడండి.